ఒకే నెంబరు, రెండు బెడ్లు

ఏంజలిన్ వరండాలో పీట మీద కూర్చుని ఎండు నెత్తళ్ళ తలలు తుంచుతోంది. పక్కనే స్టూలు మీద లాప్‌టాప్, కింద గచ్చు మీద మూడు చిన్న కంప్యూటర్లు, వాటిని కలుపుతూ నీలం వైర్లు. నిన్నటినుంచీ సుభాష్‌పల్లి మీద గాలి ఆగి ఆగి వీస్తోంది. పడమట మబ్బు కాటుకలా చిక్కబడుతోంది. కాలబైశాఖి గాలివాన పడకుండా ఈ రోజు గడిచేలా లేదు.

చెయ్యి తుడుచుకుని మూడో కంప్యూటరు వైరు పీకింది. మళ్ళీ వచ్చి చేపల ముందు కూర్చుంది.

ఇన్నాళ్ళూ ఆమె తాను రాసిన ప్రోగ్రామును కంప్యూటరు ఆపి పరీక్ష చేసింది గాని, వైరు పీకి చేయలేదు. ఆపేసింది చచ్చినట్టే. వైరు ఊడింది చావదు, దాని మాట బయటికి వినబడదంతే. ఆ తేడా ఆమెకు పొద్దున్నే తట్టింది, గాలికి ఆస్పత్రిలో స్క్రీన్లు ఆగిపోతున్నాయని ఆమె అన్నయ్య శామ్ టీ తాగుతూ మాటవరసకు చెప్పినప్పుడు.

కాసేపటికి లేచి, రెండో కంప్యూటరులో కొత్త ప్రోగ్రాము ఒకటి ఎక్కించి, వైరు మళ్ళీ పెట్టింది. తెర మీద ఒకే అడ్రసు నుంచి ఇద్దరు పలికారు. ఆమె ఇంకోసారి చూసింది. ఇద్దరే.

ఆమె రాసింది నెట్‌వర్క్ డ్రైవరు. ఈ రోజుల్లో ఒక్కో ప్రోగ్రాము తనకు కావలసిన సరంజామా అంతా మూట కట్టుకుని ఒక కంటైనరులో కాపురం ఉంటుంది. కంటైనర్లు వేరువేరు కంప్యూటర్లలో ఉన్నా ఒకే వీధిలో ఉన్నట్టు మాట్లాడుకోవాలి. ఆ వీధి వేసేదీ, ఇంటింటికీ నెంబరు ఇచ్చేదీ డ్రైవరే. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల కనుక ఏంజలిన్‌కు అడ్రసంటే క్వార్టరు నెంబరే. ఏ కంప్యూటరైనా కాసేపు పలక్కపోతే అది పోయిందనుకుని, దానిలోని నెంబర్లు అడిగినవాళ్ళకు ఇచ్చేయమని రాసింది. తాళం వేసి ఊరెళ్ళినవాళ్ళను ఖాళీ చేసి పోయినవాళ్ళ కింద జమకట్టింది. వాళ్ళు తిరిగొస్తే ఒకే నెంబరుకు రెండు సంసారాలు. ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో దేవుడికెరుక.

ఆ డ్రైవరును ఇందా పేటలోని ఒక నర్సింగ్ హోములో పెట్టింది శామే. అక్కడి కంప్యూటర్లు చూసేది అతనే. సందుకు ఈ పక్క పాత మేడలో మగవాళ్ళ వార్డు, ఆ పక్క కొత్త మేడలో రక్తపరీక్షల లాబు, ఆడవాళ్ళ వార్డు. రెండు మేడల మధ్యా గాల్లో వేలాడే ఒక కేబులు.

మధ్యాహ్నం శామ్ భోజనానికి వచ్చాడు. తల్లి ఎస్తేరమ్మ వడ్డిస్తుంటే ఏంజలిన్ తాను చూసింది చూసినట్టు చెప్పింది. అతను నవ్వి, నువ్వు రాసింది నువ్వే నమ్మకపోతే ఇంకెవడు నమ్ముతాడే అన్నాడు. నిన్న గాలికి రెండుసార్లు ఆగితే, ఆడవాళ్ళ వార్డు ప్రోగ్రామును ఆపి మళ్ళీ ఎక్కించానని, అప్పట్నుంచి ఠీక్‌గా నడుస్తోందని చెప్పాడు.

"కేబులు ఊడి ఉన్నప్పుడే ఎక్కించినావా అన్నియ్యా?"

"మరి? బాగున్నప్పుడు ఎవుడు ముట్టుకుంటాడు?"

ఏంజలిన్‌కు సంగతి అర్థమైంది. మగవాళ్ళ వార్డు పలకని ఆ కాసేపట్లోనే దాని నెంబరు ఆడవాళ్ళ వార్డుకు పోయింది. అతను మరమ్మతు అనుకున్నదే దెబ్బ కొట్టింది. ఇప్పుడు లాబు పంపే రిపోర్టు ఏ వార్డులో తేలుతుందో చెప్పలేం. ఒక్కటే ఆశ మిగిలింది. రిపోర్టు మీద మనిషి పేరుంటుంది కదా, నర్సు చూసుకోదా అని అడిగింది.

"పేరెందుకు? వార్డుకో స్క్రీను, బెడ్డుకో నెంబరు," అన్నాడు శామ్. "తాత రైల్వే వర్క్‌షాపులో ఉన్నన్నాళ్ళూ వాళ్ళిచ్చిన టికెట్ నెంబరు మీదే బతికినాడు. జీతం నెంబరు మీదే, సెలవు నెంబరు మీదే. ఎప్పుడన్నా తేడా వచ్చినాదా?"

"తాత బతికుండగా ఆ నెంబరు ఇంకొకడికి ఇయ్యనేదు."

శామ్ నవ్వు ఆగింది. రాత్రికి తనే వెళ్ళి చప్పుడు చేయకుండా అన్నీ సరిచేస్తానన్నాడు. నెలాఖరుకు ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు, ఈ వేళ ఫోను చేసి రిపోర్టులు తప్పంటే తనను గుమ్మం తొక్కనివ్వరని అన్నాడు. ఎస్తేరమ్మ కూడా కొడుకు మాటకే తలూపింది. చారు గిన్నె తెస్తూ సగం దారిలో నిలబడిపోయింది.

"అయితే మీ గంగాభవాని వదిన సుగరు..."

వెనక సందు గంగాభవాని కాలి పుండుతో ఆడవాళ్ళ వార్డులో ఉంది. పొద్దున్న ఎస్తేరమ్మ గంజి పట్టుకెళ్ళింది.

"నిన్నట్నుంచి గంజి కూడా కడుపులో నిలవడం నేదు దానికి. సుగరు సూస్తే ఆకాశంలో ఉందంట. తిననిదానికి ఎలా పెరిగినాదమ్మా అని నర్సునడిగినాను. స్క్రీను సెప్పినాది, భోజనాలయ్యాక పెద్ద ఇంజక్షను ఇస్తామన్నాది."

"వదినది ఏ బెడ్డు?"

"ఆరు."

ఏంజలిన్ అన్నవైపు చూసింది. "మగోళ్ళ ఆరులో ఎవరున్నారు?"

శామ్ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "మిష్టి దుకాణం దాదా ఒకడు, మిఠాయిలమ్ముతాడు," అన్నాడు. "సుగరుకే సేరినాడు."

అతని సుగరుకు వేసే ఇంజక్షను తిండి లేని గంగాభవానికి పడితే ప్రాణమే పోతుంది. ఎక్కడో రేకు ఒకటి ఊడి దబదబ కొట్టుకుంటోంది. నర్సింగ్ హోము దాకా ఇదే గాలి, ఆ కేబులు మీద ఇదే గాలి. ఏంజలిన్ వార్డుకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే అసలు కలవలేదు. డాక్టరు నెంబరు శామ్ దగ్గరే ఉంది. ఆమె చూపు కంచం పక్కనున్న అతని ఫోను మీద పడింది. అతను ఎడమచెయ్యి దాని మీద పెట్టాడు.

"ఇచ్చేముందు మళ్ళీ ఒకసారి సూస్తార్లే," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. "వాళ్ళకి తెలీదేటి?"

"శామూ, ఫోను సెయ్యి నాయనా," అంది ఎస్తేరమ్మ.

అతని చెయ్యి లేవలేదు. గోడ గడియారం రెండు కావస్తోంది. నర్సింగ్ హోములో భోజనాల బళ్ళు ఈపాటికి వెనక్కి పోతుంటాయి.

ఏంజలిన్ కంచం వదిలి లేచింది. చెయ్యి కడుక్కుని, మేకుకున్న స్కూటీ తాళం తీసింది. బయట మొదటి చినుకులు పెద్దపెద్దవి, దుమ్ములో గుంటలు పడేట్టు కొడుతున్నాయి.

"ఒలే, ఎల్లి ఏటి సెప్తావు?" శామ్ కంచం ముందు నుంచే అరిచాడు. "నువ్వు రాసిందే తప్పని సెప్తావా? ఆ తరవాత నీకు పనెవుడిస్తాడు? నాకెవుడిస్తాడు?"

ఆమె చున్నీ తలకు బిగించి కట్టుకుంది. తల్లివైపు ఒకసారి చూసి, మెట్లు దిగిపోయింది.