లిఫ్టుల్లో ఆమె నంబరు

హాల్లో ఆయన లాంచ్ చూస్తున్నాడు, వంటింట్లో ఆమె లంచ్ చూస్తోంది. రెండింటికీ మధ్య ఉన్నది ఒక గోడ, ఒక దీర్ఘం.

"ఏమోయ్, ఇలా రా! పెద్ద కంపెనీవాడు కొత్త పెట్టె దింపుతున్నాడు!"

"వస్తున్నా," అంది ఆమె ఉల్లిపాయల మీంచి తలెత్తకుండా. కళ్ళ నిండా నీళ్ళు. ఆ ఇంట్లో ఎవరికీ కారణం చెప్పుకోకుండా ఏడవగలిగే పని అదొక్కటే.

ఆయన లిఫ్టు మెకానిక్. ఊళ్ళో సగం మేడలు ఆయన చేతిమీదే పైకెక్కి కిందికి దిగుతాయి. ఆదివారం కాబట్టి సోఫాలో కూలబడ్డాడు. పక్కన ఆయన దగ్గరే పనిచేసే తమ్ముడు, వాలుకుర్చీలో తల్లి. టీవీలో తెల్లబూట్ల మనిషొకడు గుండ్రటి పెట్టెని అరచేతిలో పెట్టుకుని, పురిట్లో బిడ్డని బంధువులకి చూపించినట్టు అటూ ఇటూ తిప్పి చూపిస్తున్నాడు. రంగు మారిందంటే చప్పట్లు, అంచు సన్నబడిందంటే చప్పట్లు.

"సన్నబడితే ఇన్ని చప్పట్లా? నేను జ్వరంతో చిక్కి సగమైతే ఒక్కడూ తల తిప్పి చూడలేదు," అంది అత్తగారు.

"అమ్మా, ఊరుకో. ఇప్పుడు సాఫ్ట్‌వేరు గురించి చెప్తాడు."

చెప్పాడు. ఇకమీదట ఎవరి ఫోను వాళ్ళెత్తక్కర్లేదట. పెట్టే ఎత్తుతుందట. చేసిందెవరో, ఏ పనిమీద చేశారో అడుగుతుందట. తొందరపనైతే యజమానిని పిలుస్తుందట, కాకపోతే మర్యాదగా సర్దిచెప్పి పంపేస్తుందట.

"ఎంత తెలివిరా నాయనా!" అన్నాడు మరిది.

"తెలివి సరే, ఆ గొంతు విను. ఎంత ఓపిగ్గా ఉందో!" అన్నాడు ఆయన.

గరిటెతో గుమ్మం దాకా వచ్చిన ఆమె అక్కడే ఆగిపోయింది. అచ్చం ఇదే మాట ఆయన ఒకప్పుడు ఆమెతో అన్నాడు.

అప్పుడామె పెద్దాసుపత్రి టెలిఫోను గదిలో పనిచేసేది. కిటికీ లేని గది. గోడంత బోర్డు, బోర్డు నిండా చిల్లులు, చిల్లుల్లోకి గుచ్చే తీగలు. చెవులమీద బరువైన హెడ్‌ఫోను, అది తీసేశాక కూడా సాయంత్రం దాకా జుట్టులో దాని నొక్కు. ముగ్గురు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చునేవాళ్ళు. మధ్యలో పెద్దక్క, "గొంతులో తొందర వినపడకూడదే. తొందర అవతలివాళ్ళది, వాళ్ళకది చాలు," అని నేర్పిన మనిషి. ఆ పక్కన తుమ్ములరాణి. బోర్డు దుమ్ముకి రోజంతా తుమ్మేది గాని, లైన్లో మనిషుంటే తుమ్మునైనా హోల్డ్‌లో పెట్టేది. మధ్యాహ్నం మూడు డబ్బాలూ ఒకే బల్లమీద తెరుచుకునేవి. చేతులు తీగలతో తీరికలేకుండా ఉంటే ఒకరి నోట్లో ఒకరు ముద్ద పెట్టేవాళ్ళు. ఆ ముద్దల రుచి ఇప్పుడు ఎంత వండినా రావడం లేదు. వండటంలో లోపం కాదు, పెట్టే చెయ్యి లేదు. అక్కడ ఆమెకొక పేరుండేది. పేరు పక్కన షిఫ్టు ఉండేది. షిఫ్టుకి ముగింపు ఉండేది.

ఆసుపత్రి లిఫ్టు బాగుచెయ్యడానికి ఒక మెకానిక్ వచ్చాడు. లిఫ్టుకంటే టెలిఫోనునే ఎక్కువ తిప్పాడు. "మీ గొంతు ఎంత ఓపిగ్గా ఉంటుందండీ," అన్నాడు. ఆ ఓపికనే పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళయ్యాక అదే నోటితో, "ఫోనెత్తడం కూడా ఒక ఉద్యోగమేనా? ఆ ఎత్తేదేదో ఇంట్లోనే ఎత్తు," అన్నాడు. ఆమె చివరి జీతంతో తన పేరున ఒక నంబరు కొనుక్కుంది. ఆ నంబరునే ఆయన తను చూసే ప్రతి లిఫ్టులోనూ అతికించాడు, లిఫ్టు ఆగిపోతే దీనికి చెయ్యండి అని రాసి. "నా ఫోను మోగితే నా పని చెడుతుంది," అన్నాడు. ఆమెకి చెడేందుకు పనంటూ ఉందని ఎవరికీ తోచలేదు. అప్పట్నుంచీ ఆయన లిఫ్టులెత్తుతుంటే ఆమె ఫోన్లెత్తుతోంది. స్నానం సగంలో, అన్నం సగంలో, నిద్ర సగంలో. పైగా ఆ ఇంట్లో ఫాల్టు ఎవరిదైనా డిఫాల్టుగా ఆమెదే. ఆయన ఆలస్యంగా వెళ్తే తిట్లు పడేది ఆమె చెవిలో. "పొద్దస్తమానం ఆ ఫోన్లో కబుర్లే," అనేది అత్తగారు.

ఇప్పుడు ఆమె ఫోన్లో ఆ కబుర్లే మోగాయి.

"అమ్మా, లిఫ్టు ఆగిపోయింది. చీకటి... ఊపిరాడటం లేదు." ముసలి గొంతు, వణుకుతోంది.

ఆమె పొయ్యి కట్టేసింది. "గాలి వస్తూనే ఉంటుందండీ, భయం లేదు. ఏ మేడ? బ్యాంకు పక్కదా? ఒక్కరేనా?" అని అడిగి, అవుననగానే హాల్లోకి చూసి, "ఏమండీ, బ్యాంకు పక్క మేడ. పెద్దావిడ, ఒక్కరే ఉన్నారు."

"ష్! ధర చెప్తున్నాడు. ఒరే, నువ్వెళ్ళరా."

"ఒక్క నిమిషం వదినా, రంగులు చూపిస్తున్నాడు."

"ఆ రంగులు వెలిసిపోవులే. నువ్వు కదులు."

మరిది మూతి ముడుచుకుని చెప్పులేసుకున్నాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుంది.

"ఎవరమ్మా నువ్వు? దగ్గర్లోనే ఉన్నావా?"

"మీ మాట వినపడేంత దగ్గర్లోనే ఉన్నానండీ. కింద కూర్చోగలరా? గోడకి ఆనుకోండి. సంచిలో ఏం తెచ్చుకున్నారు?"

"టమాటాలు. మెత్తబడ్డవన్నీ ఏరి నాకే అంటగట్టాడు వెధవ."

"రేపు ఇద్దరం వెళ్ళి దులిపేద్దాం."

అవతల చిన్న నవ్వు. నవ్వితే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

"కాస్త మెల్లిగా మాట్లాడవోయ్, ఇక్కడ వినపడట్లేదు!" అన్నాడు ఆయన. టీవీలో పెట్టె ఎవరితోనో, మీకు నేనెలా సాయపడగలను, అంటోంది. అక్కడ హాలంతా చప్పట్లు. ఇక్కడ ఆయన కూడా కొట్టాడు.

మరిది తలుపు తెరిచేదాకా ఆమె లైన్లోనే ఉంది. "వెలుతురొచ్చిందమ్మా. పెట్టెయ్యకు, నేను గడప దాటాక పెట్టేద్దువుగాని," అంది పెద్దావిడ. దాటాక, "చల్లగా ఉండు తల్లీ," అంది.

"బుక్ చేసేశా!" అని ఆయన వంటింట్లోకే వచ్చాడు, మొహం వెలిగిపోతూ. "ఇక నీకు విశ్రాంతి. లిఫ్టుల నంబరు ఆ పెట్టెకి మార్చేస్తున్నా. నీ ఫోనుకి ఓటీపీ వస్తుంది, చెప్పు."

విశ్రాంతి! ఆ మాటకి ఆమె లోపల ఏదో తీగ పుటుక్కుమంది. ఆ పెట్టెకి ధర ఉంది, వారంటీ ఉంది, మొరాయిస్తే మార్చిచ్చే హామీ ఉంది. అది ఎత్తితే తెలివి, తను ఎత్తితే కబుర్లు. తను చేసింది పనేనని ఈ ఇంటికి తెలియడానికి ఆ పనిని ఇంకొకరు అమ్మకానికి పెట్టాల్సొచ్చింది. ఈ నంబరు కూడా ఇచ్చేస్తే, పెద్దక్క పక్కన కూర్చున్న ఆ అమ్మాయిని ఇక ఏ నంబరుకి చేసి పిలవాలి?

"వచ్చిందా?"

"వచ్చింది."

"మరి చెప్పు!"

ఆమె ఆ అంకెల్ని ఒకసారి చూసి చెరిపేసింది.

"చెప్పను. పెట్టె కొనుక్కోండి, దానికి మీ నంబరు పెట్టుకోండి. లిఫ్టుల్లో ఉన్నది నా నంబరు. దాన్ని నేనే ఎత్తుతాను. కాకపోతే రేపట్నుంచి జీతానికి. మీరు కాదంటే అవతలి వీధి లిఫ్టువాళ్ళు ఎప్పట్నుంచో రమ్మంటున్నారు."

"మొగుడి దగ్గర జీతమా!" ఆయన నవ్వబోయాడు. ఆ నవ్వు కాస్తా రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. "అమ్మా, విన్నావా దీని మాటలు?"

హాల్లో టీవీ ఆగిపోయింది. అత్తగారు వాలుకుర్చీలోంచి లేచి, నెమ్మదిగా నడిచొచ్చి, కొడుకుని దాటుకుని కోడలి ముందు నిలబడింది. కోడలు తిట్లు తినడానికి సిద్ధపడింది.

"అమ్మాయ్," అంది అత్తగారు గొంతు తగ్గించి, "మీ మావయ్య పోయాడు కదా. మరి నా జీతం ఎవర్ని అడగాలే?"