బొమ్మల క్యాసెట్లో బసవపున్నయ్య

ప్రతి శుక్రవారం పొద్దున్నే సుబ్బరత్నం టేకులపల్లి సెంటర్లో ఖమ్మం బస్సెక్కుతుంది. చంకలో తిరిగి ఇచ్చేయాల్సిన క్యాసెట్ల సంచి, చేతిలో మంచినీళ్ల సీసా. ఇల్లెందు దాకా నిలబడే ప్రయాణం. అక్కడ బొగ్గుబావుల వాళ్లు దిగితే సీటు దొరుకుతుంది. దొరికినా నిద్ర పట్టదు. కళ్లు మూస్తే రెప్పల కింద బొమ్మలు పరుగెడుతూనే ఉంటాయి.

ఖమ్మంలో వెంకటప్పయ్య క్యాసెట్ల కొట్టు మేడమెట్ల కింద ఉంది. చుట్టుపక్కల మండలాల వీడియో షాపులన్నీ కొత్త క్యాసెట్లకు అతని దగ్గరికే వస్తాయి. ఆ ఏప్రిల్ శుక్రవారం ఆమెను చూడగానే అతను రెండు క్యాసెట్లు ముందుకు జరిపాడు.

"కొత్తవి రెండొచ్చినయమ్మా. ఇది జపానోళ్ల బొమ్మల సినిమా. సముద్రం ఎండిపోయిన ఊళ్ల ఒక ముసలాయన పడవలు చేస్తుంటడు. ఇదేమో అదే కథ, మనుషులతోని తీసిండ్రు. ఏది కావాలె?"

"రెండూ ఇయ్యండి."

"మీ అడివి పక్క జనానికి బొమ్మల పిచ్చేందో! ఖమ్మంల పిల్లలు కూడా ఇన్ని చూడరు."

సుబ్బరత్నం రెండూ సంచిలో వేసుకుంది. అతను అడిగింది ఆశ్చర్యానికే కదా.

టేకులపల్లి మనిషి ఎక్కడ చనిపోయినా, పెద్దకర్మ అయ్యాక వచ్చే బొమ్మల క్యాసెట్లో కనిపిస్తారు. మొదటిదాంట్లో కాకుంటే రెండోదాంట్లో. కథలో ఉండరు. వెనక సంతలోనో, వంతెన మీదో, పదిమందిలో ఒకరై నడిచిపోతుంటారు. మనుషులతో తీసిన సినిమాల్లో మాత్రం ఒక్కరూ కనపడరు. ఆమె ఊళ్లో వీడియో షాపు పెట్టిన మొదటి ఏడే ఈ సంగతి తెలిసింది. అప్పటినుంచి ఊళ్లో పెద్దకర్మ భోజనాలయ్యాక, వంటపాత్రలు అప్పగించినట్టే, ఎవరో ఒకరు వచ్చి క్యాసెట్టుకు చెప్పి పోతారు. ఊరివాళ్లు కనిపించిన క్యాసెట్లను మాత్రం ఆమె తిరిగి ఇవ్వదు, కొనేసుకుంటుంది. పరాయి భాషలో బొమ్మలు ఏం మాట్లాడుకున్నా ఎవరికీ పట్టదు.

ఆ మధ్యాహ్నం బస్సు దిగేసరికి తండా నుంచి సోమ్లి షాపు మెట్ల మీద కూర్చొని ఉంది. ఆమె పెనిమిటి బిచ్యా కిందటేడు పోయాడు. నెలకోసారి వచ్చి చూసి పోతుంది.

"ఉన్నడా రత్నమ్మా? ఎవరన్న పట్కపోయిండ్రా?"

"ఉన్నడు. గాలిపటం పిల్ల కథ. రైలు స్టేషన్ల బెంచీ మీద."

"బీడీ తాగుతుండా?"

"తాగుతుండు."

"సచ్చినంక కూడా మానలే," అంది సోమ్లి. నవ్వింది. సుబ్బరత్నం డెక్కులో క్యాసెట్ పెట్టి, స్టేషన్ వచ్చేదాకా ముందుకు తిప్పి ఇచ్చింది. సోమ్లి చూసినంతసేపు చూసి, మొగుడితో తండా సంగతులు నాలుగు చెప్పి, లేచింది. పోతూ పోతూ అడిగింది.

"మీ ఆయన కనపడ్డడా?"

"లేదు."

"అయితే యాడనో బతికే ఉన్నడు. సంతోషపడు."

ఆరేళ్లుగా ఊరంతా ఆ మాటే అంటోంది. ఆమె భర్త బసవపున్నయ్య తొమ్మిదేళ్ల కింద మిరపకాయల లోడుతో గుంటూరు పోయి తిరిగి రాలేదు. లారీ వచ్చింది, డ్రైవర్ వచ్చాడు, ఇతను టీ తాగొస్తానని దిగి రాలేదన్నారు. అప్పు కాదు, తగాదా కాదు. కృష్ణా జిల్లా నుంచి అతని చెయ్యి పట్టుకొని ఈ అడవి అంచుకు వచ్చిన మనిషి సుబ్బరత్నం. పిల్లలు లేరు. మూడేళ్లు గుమ్మంలో కూర్చొని చూసింది. తర్వాత పొలం కౌలుకిచ్చి ఈ షాపు పెట్టింది.

పెట్టిన దగ్గర్నుంచీ ప్రతి కొత్త బొమ్మల సినిమాలో ప్రతి గుంపునూ వెతుకుతుంది. క్యాసెట్లో లేడు కాబట్టి ఎక్కడో ఉన్నాడు. ఎక్కడో ఉన్నాడు కాబట్టి పొద్దున్నే బొట్టు పెట్టుకోవాలి. పేరంటాలకు పిలిచేవాళ్లు ఆమె గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, పిలవాలో వద్దో తేల్చుకోలేక పిలుస్తారు. ఆమె కూడా పోవాలో వద్దో తేల్చుకోలేక పోతుంది. ఇవన్నీ మోసీ మోసీ అలసిపోయింది. అందుకే మనుషులతో తీసిన సినిమాలంటే ఆమెకు ప్రాణం. వాటిలో వెతకాల్సిన పని లేదు. ఎవరో తెలియనివాళ్లు ఏడుస్తారు, నవ్వుతారు, అయిపోతుంది.

ఆ రోజూ ముందు అదే పెట్టుకుంది. పడవల ముసలాయనగా ఎవరో పెద్దమనిషి చక్కగా చేశాడు. హాయిగా చూసింది. మర్నాడు మధ్యాహ్నం షాపు తలుపు సగం మూసి, బొమ్మల క్యాసెట్ పెట్టింది.

అరగంట గడిచాక ఎండిన రేవు పక్క వీధి వచ్చింది. చేపల బుట్టలు, సైకిళ్లు, గొడుగులు. ఒక మనిషి ఎడమ భుజం ముందుకేసి నడుస్తున్నాడు. పదడుగులకోసారి ఆగి మబ్బులకేసి చూస్తున్నాడు.

సుబ్బరత్నం లేచి నిలబడింది.

బొమ్మలో ముఖం ఎవరిదైనా కావచ్చు. ఆ నడక ఇంకొకరికి లేదు. నారు పోసిన దగ్గర్నుంచి కోతలదాకా అట్లా ఆకాశాన్ని చూస్తూనే నడిచేవాడు. ఆమె వెనక్కి తిప్పింది. మళ్లీ చూసింది. జుట్టు నెరిసిపోయింది. కళ్లద్దాలు వచ్చాయి. పోయినవాళ్లు పోయిన నాటి వయసుతోనే కనిపిస్తారు. అంటే గుంటూరు దారిలో పోలేదు. తొమ్మిదేళ్లు బతికాడు. ఆమె కొనని చొక్కా వేసుకొని బతికాడు.

ఎడమ చంకలో గొడుగు, భుజానికి ఒక చిన్న ఎర్ర సంచి ఉన్నాయి. పిల్లలు బడికి వేసుకుపోయే సంచి. కుడిచెయ్యి కొంచెం కిందికి వంగి, ఎవరిదో చిన్న చెయ్యి పట్టుకున్నట్టు ఉంది. ఆ చేతి పక్కన ఎవరూ లేరు.

సంచి మీద తెల్లదారంతో ఏవో అక్షరాలు కుట్టి ఉన్నాయి. సినిమా మొత్తంలో బోర్డులన్నీ జపాను రాతే, ఇది మాత్రం తెలుగు. పాజ్ నొక్కితే బొమ్మ వణికి, తెల్లగీతలు పడ్డాయి. స్పిరిట్లో దూది ముంచి డెక్కు హెడ్ తుడిచింది. మళ్లీ పెట్టింది. ముక్కలు ముక్కలుగా, తిప్పి తిప్పి చదివింది.

హైమ, మూడో తరగతి, నేలకొండపల్లి.

ఖమ్మం దాటి ఇంకో గంట ప్రయాణం. ఇన్ని శుక్రవారాలు ఆ బస్టాండులోనే దిగింది. నేలకొండపల్లి బోర్డు పెట్టుకున్న బస్సు పక్కనుంచే నడిచి పోయింది. ఆమెకు ముందు ఏడుపు రాలేదు. ఒళ్లంతా నొప్పులు వచ్చాయి, జ్వరం తగిలినట్టు. షాపు మూసి ఇంటికి పోయి, అన్నం వండకుండా గోడకు ఆనుకొని కూర్చుంది.

సోమవారం డెక్కును తువ్వాలలో చుట్టి, సంచిలో పెట్టుకొని బస్సెక్కింది. దారి పొడవునా అనాల్సిన మాటలు కూర్చుకుంది. ఇల్లెందు దాకా తిట్లు. ఖమ్మం వచ్చేసరికి ప్రశ్నలు మిగిలాయి. నేలకొండపల్లిలో దిగేసరికి డెక్కు బరువుకి చెయ్యి పీకుతోంది తప్ప నోట్లో ఏమీ లేదు.

హైమ అనే పిల్ల ఇల్లు ఏదని బడి దగ్గర అడిగితే, పాత స్తూపం దిబ్బకు పోయే దారి చూపించారు. నెల కింద తండ్రి పోయిన పిల్లేనా అని కూడా అన్నారు. పెంకుటింటి వరండాలో ముప్పై అయిదేళ్ల మనిషి మిషను కుడుతోంది. నుదుట బొట్టు లేదు. గడప మీద ఎనిమిదేళ్ల పిల్ల గుండీలు ఏరుతోంది.

"ఎవరు కావాలె?" అంది ఆమె, తల ఎత్తకుండా.

సుబ్బరత్నం డెక్కు సంచి కింద దించింది. "మాది టేకులపల్లి. వీడియో షాపు. ఒక క్యాసెట్ తెచ్చిన. మీ పాప చూస్తదేమోనని."

మిషను చక్రం ఆగింది. ఆ మనిషి సుబ్బరత్నం ముఖం చూసింది. తర్వాత నుదుట బొట్టు చూసింది. మెల్లగా లేచింది.

"హైమా, పెద్దమ్మకు కాళ్లకు నీళ్లు తీస్కరా."

దారినపోయే ఆమెను కూడా పెద్దమ్మనే అంటారు. కానీ ఇది ఆ పెద్దమ్మ కాదని ఇద్దరికీ తెలిసింది. సుబ్బరత్నం వరండా అంచు మీద కూలబడింది.

ఆమె పేరు నిర్మల. నీళ్లిచ్చాక, పిల్ల లోపలికి పోయాక, గొంతు తగ్గించి చెప్పింది. "నాకు తెల్వదక్కా. ఒట్టు. పోయే ముందు మూడు దినాలు జ్వరంల మునిగిండు. అప్పుడు టేకులపల్లి అన్నడు, రత్నం అన్నడు. కాయితం రాద్దామని కూసున్న. ఏమని రాయాలె?"

"నన్నెందుకు ఇడిసి వచ్చిండో చెప్పిండా?"

"చెప్పలే. నేను అడిగిన. మా ఊరి దిక్కు మబ్బు పట్టిందా అని నన్నే అడిగిండు."

సుబ్బరత్నం ఆమె వంక చూసింది. తిట్టడానికి వచ్చిన మనిషి ఎదుట, తనలాగే జవాబు దొరకనిది ఇంకొకతె కూర్చొని ఉంది. ఇంక ఎవరిని తిడుతుంది?

లోపల చిన్న నలుపు తెలుపు టీవీ ఉంది. సుబ్బరత్నం వైర్లు తగిలించి, క్యాసెట్ రేవు వీధి దాకా తిప్పింది. హైమ టీవీకి జానెడు దూరంలో కూర్చుంది. బసవపున్నయ్య నడిచి వచ్చాడు. ఆగాడు. ఆకాశం చూశాడు.

"ఆ గొడుగు మొన్న ఎండలకు కొన్నడు," అంది నిర్మల, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకొని.

"నా సంచి," అంది హైమ. తర్వాత సుబ్బరత్నం వైపు తిరిగి, "అది ఎర్రది పెద్దమ్మా. ఇందుల నల్లగ కనపడుతుంది గానీ, ఎర్రది."

"అవ్ బిడ్డా. చూసిన."

పిల్ల తెర మీద ఆ వంగిన చేతి కింద తన అరచెయ్యి ఆనించింది. బొమ్మ నడుస్తుంటే చెయ్యి కూడా జరుపుకుంటూ పోయింది, అతను అంచు దాటేదాకా. "ఇంకోసారి," అంది. సుబ్బరత్నం తిప్పింది. మూడోసారి తిప్పుతుంటే ఆమె దుఃఖం కట్ట తెగింది. భర్త పోయినందుకా, దొరికినందుకా, తొమ్మిదేళ్లకా, ఆమెకే తెలియదు. నిర్మల చాప పరిచి, తలకింద మడతపెట్టిన కొత్త బట్ట పెట్టింది.

"జరసేపు ఒరుగక్కా. పొద్దటి బస్సుల వచ్చినట్టున్నవ్."

ఒరిగింది. సినిమా తన మానాన తాను నడుస్తోంది. పిల్ల తిప్పడం నేర్చుకుంది. మిషను చప్పుడు మళ్లీ మొదలైంది. సుబ్బరత్నం రెప్పల కింద ఏ బొమ్మలూ కదల్లేదు. ఎండ దిబ్బ వెనక్కి దిగేదాకా ఆమె లేవలేదు.

లేచి టీ తాగుతుంటే నిర్మల, ఇంటివాళ్లు వేసవి దాటగానే ఖాళీ చెయ్యమన్నారనీ, ఎటు పోవాలో తోచడం లేదనీ చెప్పింది. సుబ్బరత్నం గ్లాసు కడిగి బోర్లించింది. తర్వాత, "మా ఇంట్ల ముందు గది ఉత్తగనే ఉంటది," అంది. "కిటికీ తూర్పు దిక్కు. మిషనుకు వెలుతురు బాగొస్తది."

నిర్మల డెక్కును తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టింది. బస్టాండు దాకా డెక్కు తానే మోసింది.

క్యాసెట్ హైమ దగ్గరే ఉండిపోయింది. ఊళ్లో అడిగినవాళ్లకు సుబ్బరత్నం, బసవపున్నయ్య రేవు వీధిలో ఉన్నాడని మాత్రం చెప్పింది. ఆమె బొట్టు తీసిన పొద్దున సోమ్లి వచ్చి పక్కన కూర్చొని పోయింది.

జూన్ రెండో వారం, మొదటి వాన పడి వెలిసిన రోజు, ఖమ్మం బస్సు టేకులపల్లి సెంటర్లో ఆగింది. టాపు మీద గోనెపట్టా చుట్టిన కుట్టుమిషను ఉంది. నిర్మల ఒక ట్రంకు పెట్టెతో దిగింది. వెనకాల హైమ దిగి, బురదలో ఎక్కడ కాలు పెట్టాలా అని చూస్తూ నిలబడింది. కండక్టరు నిచ్చెన ఎక్కి మిషను తాడు విప్పుతూ, కింద చేతులు చాచి నిలబడ్డ సుబ్బరత్నాన్ని చూసి అడిగాడు.

"ఎవరమ్మా వీళ్లు?"

"మావోళ్లే," అంది సుబ్బరత్నం. "జర పైలం. మెల్లగ దించు."