ఆరు గంటల జట్టు కుర్చీ

మోకాళ్ల గురించి ఎంతైనా అడగవచ్చుననీ, అన్నగారి గురించి మాత్రం మాట్లాడననీ మాస్టారు చేరిన రోజే చెప్పేశారు. వ్యాయామం చేయించే అమ్మాయి తలూపి, ఆయనను ఏడు గంటల జట్టులో వేసింది. అన్నగారిది ఆరు గంటల జట్టు. ఆ అన్నదమ్ములకు పదకొండేళ్లుగా మాటల్లేవు.

గ్రంథాలయం పైగదిలో పేటలోని పెద్దవారంతా కుర్చీల్లోంచి లేచేవారు, కూర్చునేవారు, కుర్చీ వీపు పట్టుకుని మడమలెత్తేవారు. గంట తిరిగేసరికి ఒంట్లోని నొప్పులు కుర్చీల్లోకి దిగేవి. మధ్యాహ్నానికి అవి కాస్త చిక్కి, ఎవరివి వారింటికి తిరిగి చేరేవి. ఈలోగా ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటే వారి వెంట వెళ్లిపోయేవి. అందుచేత ఎవరి కుర్చీ వారిదే.

ఒకనాడు మాస్టారి కుర్చీ కాలు విరిగింది. అమ్మాయి తొందరలో గోడవారనున్న కుర్చీ లాగి వేసింది. మూడోసారి లేవబోతుండగా ఆయనకు ఎడమ రొమ్ము పట్టేసి, దవడ దాకా లాగింది.

"ఇది ఎవరిదమ్మా?"

ఆమె నాలుక కరుచుకుంది. "అయ్యో! మీ అన్నయ్యగారిదండి."

"గుండె ఇలా ఉందని ఇంట్లో తెలుసా?"

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. ఆపరేషనుకు తట్టుకోలేరన్నారట డాక్టరు."

పక్కనున్న రిటైరైన నర్సమ్మ ఊరుకోలేదు. "లేవండి మాస్టారూ! మీకున్నవి చాలవా, ఇంకొకరివి కూడా మోసుకుపోతారా?"

"లెక్కపెట్టమ్మా" అన్నారాయన, అమ్మాయితో.

మర్నాటికి ఆయన కుర్చీ బాగై వచ్చింది. ఆయన దాన్ని పక్కకు జరిపి, అన్నగారిదే తెచ్చుకున్నారు. ఆ మర్నాడూ అంతే. తరువాత ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇంటి దగ్గర నాలుగు మెట్లెక్కి ఆగుతున్నారేమని భార్య అడిగితే, ఎండగా ఉందన్నారు. ఆ రోజు ముసురు పట్టి ఉంది.

రెండు నెలలకు అమ్మాయి ఒక కవరు తెచ్చి ఇచ్చింది.

"తమ్ముడూ, నిన్న మా మేడ ఆగకుండా ఎక్కాను. డాక్టరు రెండుసార్లు పరీక్ష చేసి, తన మిషనే పాడైందనుకున్నాడు. నా నొప్పి ఇంటికి రావడం మానేసింది. అది ఎవరింటికి వెళుతోందో నీకేమైనా తెలుసా? తెలిస్తే, ఇక చాలని వాళ్లతో చెప్పు."

మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. ఒక్క అక్షరదోషమైనా కనబడలేదు. జవాబు మాత్రం రాయలేదు; మర్నాడూ అన్నగారి కుర్చీయే తెచ్చుకున్నారు.