చుట్ల లెక్క

ఫిట్స్ మందు వాడేవాళ్ల బతుకు ఎంత బాగుపడిందో నూటికి మార్కు వేసే ఫారం అది, ముప్పై ప్రశ్నలు. కోయంబత్తూరు ఆసుపత్రిలో నా మొదటి ఉద్యోగం అదే, ట్యాబ్ పట్టుకుని ఒక్కొక్కర్నీ అడగడం. ఈ మార్కులు చూసి డాక్టర్లు మందులే మార్చేస్తారని నమ్మేశా.

అలా వచ్చిన షణ్ముగప్రియక్క ఊరి శివారు తుడియలూరులో పంపుసెట్ మోటార్లకి కాయిల్ చుడుతుంది, రాగితీగ ఒక్కో చుట్టూ లెక్కపెట్టుకుంటూ. వాళ్లత్త తంగమ్మాళ్ పక్కనున్నంతసేపూ అన్నిటికీ తమిళంలో బాగుంది బాగుంది అంటూ పోయింది. ఆరు నెలలుగా ఫిట్స్ లేవు. అత్త టీకి లేవగానే, బెంచీమీద కూర్చున్న మిగతావాళ్లకి అర్థం కాకుండా మా ఇళ్లల్లో మాట్లాడే తెలుగులోకి దిగింది.

"అమ్మిణీ, రెండుపూట్లా మాత్ర వేస్తే చుట్ల లెక్క తప్పుతోంది. నలబైదాకా వస్తా, ఆపైన ఎక్కడున్నానో తెలీదు. రెండు మోటార్లు కాలిపోయినాయి. ఇంకొకటి కాలితే ఇంటికి పొమ్మన్నాడు ఓనరు. అందుకే పొద్దుటిది మింగట్లా. ఇది మాత్రం రాయొద్దు."

పదకొండేళ్లుగా ఆమె చుట్టిన కాయిల్ని ఎవరూ తిరిగి లెక్కపెట్టలేదట. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వింది.

మాత్ర మానితే ప్రమాదం అక్కా, రాస్తే వేరే మందు ఇస్తారు అని నేనే నచ్చజెప్పా. మతిమరుపు గడిలో రాశా, మానిన మాత్రల గడిలోనూ రాశా. డాక్టర్ స్క్రీన్‌మీద రెండోది మాత్రమే ఎర్రగా వెలిగింది. ఆయన తంగమ్మాళ్‌ని పిలిచి, రెండుపూట్లా కళ్లముందే మింగించమన్నాడు. మొదటి గడి గురించి చెప్పబోయా, తర్వాతి టోకెన్ పిలిచేశారు.

మూడు నెలలకి మళ్లీ వచ్చారు. మూడో మోటారు కూడా కాలిందట, పని పోయిందట. తంగమ్మాళే చెప్పింది, ఇప్పుడు ఇంట్లో నిమ్మళంగా ఉంటోందని.

అవే ప్రశ్నలు అడిగా. పనిలో ఇబ్బంది? లేదంది. లెక్క మర్చిపోతున్నారా? లెక్కపెట్టేదేమీ లేదంది. ఆ జవాబుకి గడి లేదు, 'లేదు' నొక్కా. పోయినసారి యాభై ఎనిమిది, ఈసారి ఎనబై మూడు. మందు బాగా పనిచేసిందని డాక్టర్ అదే మాత్ర ఇంకో ఏడాదికి రాశాడు.

అక్క ట్యాబ్‌వైపు వంగి చూసింది. వేళ్లు చీరకొంగుని చుడుతున్నాయి, విప్పుతున్నాయి.

"ఎనబై మూడా అమ్మిణీ? పాసయినట్టేనా?"

అవునన్నా.