కాశిబుగ్గలో నిమ్మళం నడక

ఫ్రాన్సిస్ పెళ్లిళ్లలో డ్రోన్ ఎగరేస్తాడు. కాశిబుగ్గ చేనేత సంఘం పెద్ద వెంకట్రాజం పిలిచి, హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో చూపించడానికి తమ వీధి మీద హైపర్‌లాప్స్ వీడియో కావాలంటే ఎగిరి గంతేశాడు.

ముందురోజు సాయంత్రం వీధిలోవాళ్లను కూర్చోబెట్టి వివరించాడు.

"డ్రోన్ మెల్లగ ఈ కొసకెల్లి ఆ కొసకు పోతది. మీ పని మీరు చేస్కోండ్రి. తర్వాత నేను పదింతల స్పీడ్ పెడ్త. మబ్బులు ఉరుకుతయ్, మస్తుంటది."

"మేమో?" అడిగాడు ముసలి నేతగాడు రాజమౌళి.

"మీరు సుత ఉరుకుతరు తాతా."

రాజమౌళి ముఖం మాడిపోయింది. మనవరాలి పెళ్లి వీడియోలో ఎవరో ఆయన నడకకు స్పీడు పెంచి పాట జోడించారు. అప్పట్నుంచీ పిల్లలు ఆయన్ని చూస్తే చాలు, కోడిలా నడిచి చూపిస్తారు. ఫ్రాన్సిస్ వెళ్లగానే రాజమౌళి వీధిలో రెండో మీటింగ్ పెట్టాడు.

"వాడు పదింతలు జోర్ చేస్తే, మనం పదింతలు నిమ్మళంగ నడుద్దాం. లెక్క సరిపోతది."

అందరికీ సబబుగానే తోచింది. ఫ్రాన్సిస్‌కు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

తెల్లారి ఫ్రాన్సిస్ డాబా మీంచి డ్రోన్ లేపాడు. కాసేపటికి రిమోట్ తెర చూసి గాభరా పడ్డాడు. మనుషులు కదలడం లేదు. హ్యాంగయిందా? మరి కుక్క దర్జాగా వీధి దాటుతోందే! పిట్టగోడ మీంచి వంగి చూశాడు. భుజాన జంపఖానా మడతతో రాజమౌళి ఒంటికాలి మీద ఉన్నాడు. రెండో కాలు కిందికి దిగుతోంది గానీ, నేల ఇంకా చాలా దూరం ఉంది.

"తాతా! ఏమైంది?"

రాజమౌళి తల తిప్పడం మొదలుపెట్టాడు. అది పూర్తిగా తిరిగేసరికి అరిచి అరిచి ఫ్రాన్సిస్ గొంతు బొంగురుపోయింది. డ్రోన్ ఆపితే షాట్ తెగిపోతుంది. చేసేదేం లేక అలాగే నడిపించాడు.

అంతలో ఒక ఆటో వచ్చి, రంగు నూలు బుట్టతో రోడ్డు దాటుతున్న రాజమౌళి భార్య చిలుకమ్మ ముందు ఆగింది. డ్రైవర్ భాస్కర్ హారన్ కొట్టాడు. ఆమె చెయ్యి నెమ్మదిగా పైకి లేస్తోంది.

"అవ్వా, కండ్లు తిరుగుతున్నయా? దవాఖానకు పోదామా?"

"వ... ద్దు... బి... డ్డా..."

"అయ్యో, నోరు సుత పడిపోతాంది!" భాస్కర్ దిగి ఆమెను ఎత్తబోయాడు.

"వీడియోరా సన్నాసీ, జరుగు!" ఒక్క గుక్కలో తిట్టి, చిలుకమ్మ మళ్లీ తాబేలు నడక అందుకుంది.

ఇంటికొచ్చాక ఫ్రాన్సిస్ తలపట్టుకున్నాడు. ఎడిటింగ్ చేసే అతని భార్య హెప్సిబా మాత్రం ఊగులాట తీసేసి, స్పీడ్ పెట్టి, ఊపిరాడనంతగా నవ్వింది. మబ్బులు పాలపొంగులా ఉరికాయి. ఆటో తూటాలా దూసుకుపోయింది. వాటి మధ్య కాశిబుగ్గ జనం పెళ్లికి వెళ్తున్నంత తీరుబడిగా నడుస్తున్నారు.

సంఘం ఆఫీసులో వీడియో చూసి వెంకట్రాజం పెదవి విరిచాడు.

"గిండ్ల ఏమున్నది ఫ్రాన్సిస్? మామూలుగనే నడుస్తాన్రు కద."

పిక్కలు పట్టేసి కుర్చీలోంచి లేవలేకపోతున్న రాజమౌళి ముఖం వెలిగిపోయింది. "ఇంకోపాలి ఎయ్యి బిడ్డా. నడకంటే గట్లుండాలె."

ఎగ్జిబిషన్‌లో వాళ్ల స్టాల్ ముందు జనం మూగారు. కెమెరా మెళ్లో వేసుకున్న ఒకతను కళ్లు పెద్దవి చేసి, ఇది ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశారని అడిగాడు. వెంకట్రాజం మొహమాటపడ్డాడు.

"ఏమనుకోకు తమ్మీ, మా పిలగాడు స్పీడ్ పెట్టుడు మరిచిండు. జంపఖానాలు మాత్రం మంచియి, చూడు."