అక్క రాసిన కోడ్

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మా ల్యాబ్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ వెర్షన్ వచ్చిన రోజే మా సీనియర్ రత్నకుమారి అక్క కోడ్ ఆగిపోయింది. కరిగిన ఉక్కు చల్లారేటప్పుడు పగుళ్లు ఎప్పుడొస్తాయో లెక్కగట్టే కోడ్ అది. అక్క సొంతంగా రాసుకుంది, దాని మీదే పేపర్ వేసింది, దాంతోనే ఈ ల్యాబ్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. దాన్ని కొత్త వెర్షన్‌కి మార్చే పని నా పక్క బల్ల కౌశల్‌కి పడింది. వాడి మాస్టర్స్ థీసిస్ అదే. బాగా చేస్తే పీహెచ్‌డీ సీటు నీదేనని ప్రొఫెసర్ మాటిచ్చారు.

కౌశల్‌ది కరీంనగర్. వచ్చిన కొత్తలో వాడికి గది వెతికిపెట్టింది, ఆన్మెల్డుంగ్ అనే చిరునామా నమోదుకి వెంట వెళ్ళింది, కుక్కర్ ఇచ్చింది అన్నీ అక్కే. అక్క మనసు వెన్న, నోరే మంచిది కాదు. నా నోరూ అంతంతమాత్రమే కనుక ఆ మాట అనే హక్కు నాకుంది.

వాడు మార్చాక కోడ్ నడిచింది గాని, పగుళ్లు అక్క పేపర్లో కంటే చాలా ముందే వచ్చాయి.

"అక్కా, కొత్తదే కరెక్టేమో," అన్నాడు కౌశల్ నసుగుతూ.

"ఏంట్రా, నా కోడ్‌కే వంకలు పెడతన్నావా? రెండూ సరిపోయేదాకా నా దగ్గరికి రాకు!" అంది అక్క, తల తిప్పకుండానే.

వాడు వెతికాడు. దొరికింది. ఉక్కులో అప్పటిదాకా పేరుకున్న ఒత్తిడిని ప్రతి అంచెలోనూ కలుపుకోవాలి. అక్క ఆ లైను రాయడం మరిచింది. పాత వెర్షన్ కిమ్మనకుండా అక్కడ సున్నా వేసుకునేది. కొత్తది పాత ఒత్తిడిని గుర్తుంచుకుంటోంది. అంటే కొత్త లెక్కే నిజం.

"చెప్పేయరా," అన్నాను.

"ఎట్ల చెప్పాలె శ్రావ్యా? ఆమె పేపరే తప్పని చెప్పాల్నా? ఆమె చేతి అన్నం తిన్న."

ఆ అన్నం ఎంత పని చేసిందో! ఒక గుణకం పెట్టి కొత్త లెక్కను పాత లెక్కకు సరిపెట్టేశాడు. అక్క చూసి, "పనంటే ఇదీ," అని వీపు తట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరికీ చెప్పనని వాడు నాతో ఒట్టు వేయించుకున్నాడు గాని, నేనైనా చెప్పాల్సింది.

థీసిస్ ప్రజెంటేషన్లో ప్రొఫెసర్ సరిగ్గా ఆ గుణకం దగ్గరే ఆగి, అది ఎక్కడిదని అడిగారు. కౌశల్ అక్క వైపు చూడలేదు.

"తప్పు నాదే," అన్నాడు జర్మన్‌లో.

వాడు ఏ తప్పు ఒప్పుకుంటున్నాడో అక్కకి అర్థం కాలేదు. తన గదిలో కూచుని వాడి కోడ్ లైను లైనుగా చదివాక అర్థమైంది. ఏడ్చిన ముఖంతోనే ప్రొఫెసర్ దగ్గరికి పరిగెత్తి, అసలు తప్పు తనదని చెప్పింది. ఆయన అంతా విన్నారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, పేపర్ దిద్దుకుందాం అన్నారు. కావాలని అంకెలు సరిపెట్టినవాణ్ణి మాత్రం పీహెచ్‌డీకి తీసుకోలేనన్నారు.

మర్నాడు కౌశల్ తోమి తుడిచిన కుక్కర్ పట్టుకుని ల్యాబ్‌కి వచ్చాడు. కాట్‌బస్ అనే ఊళ్ళో స్నేహితుడి దగ్గర ఉండి పని వెతుక్కుంటాడట.

"నాకొక్క మాట చెప్పొచ్చు కదరా!" అంది అక్క.

"ఫస్ట్ రోజే చెప్పిన కదక్కా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అక్క కుక్కర్‌ని వాడి చేతుల్లోకే నెట్టింది. "ఉంచుకోరా. అక్కడ దేంట్లో వండుకుంటావ్?"

"వద్దక్కా," అని వాడు దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "మీరిచ్చినప్పటి నుంచే దీనికి విజిల్ వస్తలేదు. గాస్కెట్ పోయింది. చెప్తే ఏమనుకుంటరోనని చెప్పలే."