తాబేళ్ళ మధ్య అద్దం

మా అన్నయ్య కుడిచేతి వేళ్ళు రెండు ఇప్పుడు ముడుచుకోవు. అద్దాలు కోసేవాడికి ఆ రెండు వేళ్ళే బతుకు. తాబేళ్ళని విడదీయబోయి గాజు పెంకులమీద పడ్డాడని వదిన అందరికీ చెబుతుంది. నేను పక్కనుంటే ఇంకాస్త గట్టిగా చెబుతుంది. పాపం తాబేళ్ళకేం తెలుసు, చేసింది నేను.

నాన్న పోయాక అద్దాల కొట్టు మా ఇద్దరిదీ అయింది. ముందు గదిలో రెండు కోతబల్లలు, వెనక చిన్న పెరడు, పైన అన్నావదినలకి ఒక వాటా, ఒంటిగాణ్ణైన నాకొక వాటా. పెరట్లో అన్నయ్య తాబేలు ఉండేది. పేరు గుండు. పద్నాలుగేళ్ళుగా ఎవరి జోలికీ పోకుండా ఆకులు నములుతూ మహారాజులా తిరిగేది. "పాపం ఒక్కటే ఉంది, తోడుంటే బాగుండు" అని వదిన అంటే నేనొకదాన్ని తెచ్చాను. అమ్మినవాడు ఆడదన్నాడు. రెండూ మగవేనని రెండోరోజే తేలిపోయింది.

నాది వస్తూనే కాలు దువ్వింది. తల లోపలికి లాక్కుని, డిప్ప ముందుకు పెట్టి, పరిగెత్తుకెళ్ళి గుద్దేది. తాబేలు పరిగెత్తడమేమిటని నవ్వకండి, కొట్టడానికి పోయేటప్పుడు చూడాలి దాన్ని. ఆ చప్పుడు కోతబల్ల దాకా వినిపించేది. గుండు తప్పుకుంటే వెంటపడి ముందుకాలు కొరికేది. చర్మం చీలి నెత్తురొచ్చినా వదిలేది కాదు. చివరికి డిప్ప కిందికి దూరి, ఎత్తి, వెల్లకిలా పడేసేది. ఎండలో కాళ్ళు కొట్టుకుంటున్న గుండుని రోజుకి నాలుగైదుసార్లు వదినే తిప్పి నిలబెట్టేది. ఎవరూ చూడకపోతే అది అలాగే మాడి చచ్చేది. నాదానికి రౌడీ అని పేరు పెట్టాను. సంతోషంగానే పెట్టాను.

ఆ సంతోషం దాచుకోవడం దేనికి? చిన్నప్పుడు అన్నయ్య నన్ను కొట్టని రోజు లేదు. స్కేలుతో కొట్టాడు, బెల్టుతో కొట్టాడు, ఒకసారి నా వేళ్ళు తలుపుసందులో పెట్టి తలుపు మూశాడు. నాన్నేమో, అన్నదమ్ములన్నాక మామూలే అని ఊరుకునేవాడు. అందుకే గుండు వెల్లకిలా పడ్డప్పుడల్లా నాకు కసి తీరినట్టుండేది.

"నీ రౌడీని ఎవరికైనా ఇచ్చెయ్‌రా," అన్నాడు అన్నయ్య.

"నీదాన్నే ఇచ్చుకో. తన్నులు తినేది నీదేగా."

"చచ్చిపోతుందిరా అది."

"చేతకానిదాన్ని పెంచుకుంటే నేనేం చెయ్యను?"

అన్నయ్య బల్లమీది సుత్తి చేతిలోకి తీసుకుని, నా వంక చూసి, మళ్ళీ పెట్టేశాడు.

చివరికి పెరటికి అడ్డం ఒకటి కట్టడానికి ఒప్పుకున్నాం. అద్దాలవాళ్ళం, అద్దం కాక ఇంకేం పెడతాం? మిగులు గాజు ముక్కల్లోంచి పెరడు వెడల్పుకి సరిపోయే పలక తీసి నేనే నిలబెట్టాను. దాని అంచున గోరంత పెచ్చు ఊడి ఉంది. అద్దం చీలితే అలాంటి చోటునుంచే చీలుతుందని పదేళ్ళ వయసునుంచీ నాకు తెలుసు. తాబేళ్ళకేగా, చాల్లే అనుకున్నాను.

ఇక చూడాలి వాటి గోల. ఇంతకుముందు రౌడీ తినేటప్పుడైనా ఆగేది. ఇప్పుడు శత్రువు ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాడు, దెబ్బ మాత్రం తగలట్లేదు. పొద్దున లేచింది మొదలు అద్దాన్నే గుద్దేది. నెమ్మదస్తుడనుకున్న గుండు కూడా పిచ్చెక్కినట్టు అవతలనుంచి గుద్దేది. మూడురోజులు రెండూ తిండి ముట్టలేదు. మూతులు చిట్లి అద్దానికి రెండువైపులా నెత్తుటి మరకలు పడ్డాయి.

"దానిమీద దుప్పటేదైనా కప్పండి. కనపడకపోతే ఊరుకుంటాయి," అంది వదిన.

ఆ ఏడాదిలో అన్నయ్యా నేనూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే. అద్దం పెట్టి దుప్పటి కప్పేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?

నాలుగోరోజు మధ్యాహ్నం అద్దం ఫెళ్ళున పగిలింది. మేం పరిగెత్తేసరికి గుండు పెంకుల మధ్య వెల్లకిలా పడి ఉంది. రౌడీ దాని మెడ కొరుకుతోంది. అన్నయ్య వట్టిచేతులతో పట్టుకుని లాగాడు. రాకపోతే పీకాడు. గుండు మెడమీద ఇంత చర్మం ఊడి రౌడీ నోట్లోనే ఉండిపోయింది. అన్నయ్య రౌడీని తలకన్నా పైకెత్తి, గోడకేసి కొట్టడానికి తిరిగాడు.

నాకు ఒళ్ళు తెలియలేదు. పైకి లేచిన ఆ చేతులు నేను చిన్నప్పటినుంచీ ఎరిగిన చేతులు. తల వంచి వెళ్ళి కడుపులో గుద్దాను. ఇద్దరం పెంకులమీద పడ్డాం. అన్నయ్య నా గొంతు నులిమాడు. నేను మొహంమీద పిడిగుద్దులు గుద్దితే పన్ను ఊడింది. నా చెవి కొరికాడు. "ఆగండి, చచ్చిపోతారు!" అని వదిన నా చొక్కా పట్టుకుని లాగుతోంది. నేను అన్నయ్య కుడిచెయ్యి రెండుచేతులా పట్టుకుని నేలకేసి కొట్టాను. కింద ఏముందో నాకు తెలుసు. మళ్ళీ కొట్టాను. మూడో దెబ్బకి అన్నయ్య తిట్టడం మానేసి, "నా చెయ్యిరా తమ్ముడూ, నా చెయ్యి," అన్నాడు.

నాలుగోసారి కూడా కొట్టాను.

లోపల నరాలు తెగాయన్నారు డాక్టరు. అతికించారు గాని, చూపుడువేలూ మధ్యవేలూ ఇక కర్రపుల్లలే. ఎలా జరిగిందని అడిగితే వదిన తాబేళ్ళ మాట చెప్పింది. అన్నయ్య అవునన్నాడు. నేనూ తలూపాను, సిగ్గులేకుండా.

ఆ సాయంత్రం పెరట్లో ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టాను. ఏడాదిగా కొట్టు వెనక పడి ఉన్న చెక్కే. గంట తిరక్కుండా రౌడీ ఆకులు తింది. మెడకి మందు రాసిన గుండు కూడా కాస్త తింది. అంతే, మళ్ళీ ఆ చప్పుడు లేదు.

రెండు నెలలకి అన్నయ్య కొట్టులోకి వచ్చాడు. నా వంక చూడకుండా, "బల్లల మధ్య అడ్డం కట్టు," అన్నాడు. ఎంత మందం అద్దం వెయ్యనని అడగబోయాను, అలవాటు చొప్పున.

"చెక్క," అన్నాడు.

కట్టాను. అవతల అన్నయ్య ఎడంచేత్తో కోయడం నేర్చుకుంటున్నాడు. కట్టర్‌తో అద్దంమీద గీత గీసి, ఆ గీత వెంటే విరుస్తాం. గీత బాగా పడితే కట్టర్ చప్పుడు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్కలాగే సాగుతుంది. అన్నయ్యది సగంలో తెగుతుంది. తర్వాత పలక వంకరగా విరుగుతుంది. రోజంతా అదే వింటున్నాను. ముప్ఫై ఏళ్ళు కోసిన చెయ్యి అది, నాకు పని నేర్పిన చెయ్యి కూడా అదే.

నిన్న పొద్దున తను రాకముందే, తన పనికి కావలసిన ఆరు పలకలు కొలత ప్రకారం కోశాను. అంచులు అరగదీసి, తుడిచి, తన బల్లమీద పేర్చి వచ్చాను. అన్నయ్య వచ్చాడు.

తర్వాత సుత్తి దెబ్బలు వినిపించాయి. ఆరు. పెంకులు ఊడ్చిన చప్పుడైంది. ఆ తర్వాత ఎడంచేతి గీత మొదలై, సగంలో తెగింది.